మడమ లేవకూడదు

పటమట,
జూలై 14.

ప్రియమైన అమ్మకు,

చిన్ని బాగుంది. ఎనిమిదో నెల కదా, ఇల్లంతా పాకుతోంది. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటా అనుకుంటావు. నీకు సరిగా వినబడక స్పీకరు పెడతావు, నేను చెప్పేది తమ్ముడూ మరదలే కాక వాకిట్లో కూర్చున్నవాళ్లు కూడా వింటారు. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన మాట.

కాన్పు సెలవు అయిపోయి బడికి వెళ్లిన మొదటి వారంలోనే పిల్లల ముందు తల దించుకోవాల్సొచ్చింది. మేం ఆటల టీచర్లం ఏడాదికి రెండుసార్లు పిల్లల సత్తువ కొలుస్తాం. అందులో ఒకటి, పొట్ట కండరాలు ఎంతవరకు ఓర్చుకుంటాయో చూసే పరీక్ష. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. చేతివేళ్లు చాప మీద గీసిన గీతను దాటేదాకా తల, భుజాలు పైకి లేపాలి. ఫోన్‌లో మూడు సెకన్లకోసారి టిక్కుమంటుంది, దానికి తగ్గట్టే లేచి పడుకోవాలి. టిక్కు తప్పినా, మడమ నేల విడిచినా తప్పే. రెండో తప్పుకు పరీక్ష ఆగిపోతుంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు మేం ఇరవై అయిదు పెట్టాం. యూనివర్సిటీ కబడ్డీ జట్టుకు ఆడినదాన్ని, నేను ఏనాడూ యాభైకి తగ్గలేదు.

ఎప్పటిలాగే ముందు నేను చేసి చూపిద్దామని పడుకున్నాను. నాలుగు చేశాను. అయిదోసారి తల లేపేసరికి పొట్ట మధ్యన నిలువునా పొలం గట్టులా ఉబ్బింది. లోపల ఏదో రెండుగా విడిపోయినట్టనిపించింది. టిక్కులు వెళ్లిపోతున్నాయి, నేను లేవలేకపోయాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. లేచి, చాప దులిపి, “చూశారుగా, ఇలాగన్నమాట” అన్నాను.

సాయంత్రం మా ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావు గారు పిలిచారు. ఇక లైబ్రరీ చూసుకోమన్నారు, గ్రౌండుకు ఎవరినైనా మగమనిషిని పెట్టుకుంటామన్నారు. తిట్టినా ఊరుకునేదాన్నమ్మా. జాలిగా చెప్పారు, దాంతో రోషం ముంచుకొచ్చింది. డిసెంబరులో ఇదే పిల్లల ముందు ఇరవై అయిదు చేస్తానన్నాను, చేయలేకపోతే రాజీనామా నేనే రాసిస్తానన్నాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. ఫిజియోథెరపీ చూసే సుస్మిత అనే అమ్మాయి నా బొడ్డు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. పొట్ట కండరాలు కడుపుతో ఉన్నప్పుడు రెండు పక్కలకూ జరిగాయట, మధ్యన మూడు వేళ్ల సందు. చాలామందికి ఇలాగే అవుతుందట. ముందు ఊపిరి సరిగా తీసి వదలడం, పడుకుని మడమ మెల్లగా జార్చడం నేర్చుకోవాలట. ఇరవై అయిదు చేయాల్సినదాన్ని ఇప్పుడు ఒక్కటి కూడా చేయకూడదంది. అయినా చేస్తానమ్మా. పందెం సంగతి మీ అల్లుడికి ఇంకా చెప్పలేదు.

నీ కూతురు,
శాలిని


యేసు మరియ జోజప్పల తోడు

చిట్టితల్లీ శాలినీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు పుట్టినప్పుడు నీకులాగే నాకూ పెద్దాపరేషనే. నలభయ్యో రోజున నాట్లకు దిగాను. వంగినప్పుడల్లా పొట్ట జారిపోయినట్టుండేది. మీ నాయనమ్మ నడికట్టు బిగించుకోమంది, బిగించుకున్నాను. ఇప్పటికీ మంచం మీంచి లేవాలంటే పక్కకు తిరిగి చెయ్యి ఆనించుకుని లేస్తాను. వయసు కదా అనుకున్నాను.

నిన్న తలుపేసుకుని, వెల్లకిలా పడుకుని తల లేపి చూసుకున్నాను. గట్టు లేచింది. నాలుగు వేళ్లు దిగబడ్డాయి. ముప్పయ్యేళ్లుగా అందరూ నన్ను బాన పొట్ట అన్నారు, నేనూ నవ్వేదాన్ని. నాది ఈ వయసులో దగ్గరపడుతుందా అని ఆ అమ్మాయిని అడుగు. నా పేరు చెప్పే అడుగు, ఫరవాలేదు.

పందెం మాత్రం నాకు నచ్చలేదు. మొగుడికి చెప్పు. ఒక్కదానివే మోయబాక.

దీవెనలతో,
మీ అమ్మ శౌరమ్మ


పటమట,
డిసెంబరు 12.

ప్రియమైన అమ్మకు,

నువ్వడిగినదానికి ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు కోప్పడకు. సుస్మిత నిన్ను చూడకుండా ఖాయంగా చెప్పలేనంది. సందు పూర్తిగా మూసుకోకపోవచ్చుగానీ కండరాలకు బలమొస్తుందట, లేవడం తేలికవుతుందట. ముందు హెర్నియా ఉందేమో చూడాలి. వచ్చే గురువారం రమ్మంది. హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కు, బస్టాండుకు మీ అల్లుడు వస్తాడు.

నువ్వు చెప్పినట్టే ఆయనకు చెప్పేశాను. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే చిన్నిని ఎత్తుకుని వీధిలో తిప్పేవాడు, నేను చాప పరుచుకునేదాన్ని. ఆటోనగర్‌లో తను పనిచేసే షెడ్డుకు రోజూ ఆలస్యమే. రెండు నెలలు ఊపిరి, మడమలు, ఇంతే. అక్టోబరులో సుస్మిత ఒక్కసారి తల లేపనిచ్చింది. గట్టు లేవలేదు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈ నెల మొదట్లో సందు ఒక వేలికి వచ్చింది. ఇంట్లో ఇరవై రెండు చేశాను.

నిన్న పరీక్ష. నా మడమలు చూడడానికి భానుశ్రీ అనే తొమ్మిదో తరగతి పిల్లను కూర్చోబెట్టాను. పందెం సంగతి పిల్లలందరికీ ఎలాగో తెలిసిపోయింది, అందరూ చాప చుట్టూ మూగారు. పదిహేనోదానికి ఎడమ మడమ లేచింది. భానుశ్రీ తప్పు లెక్కేసింది. పంతొమ్మిదోదానికి మళ్లీ లేచింది. నాకింకా ఓపిక ఉందమ్మా, టిక్కు అందుకోబోయాను.

“ఆగండి మేడం. పద్దెనిమిది,” అంది ఆ పిల్ల. లెక్క రాసే కార్డు చేతిలోకి తీసుకుంది.

ప్రిన్సిపాల్ గారు దగ్గరకొచ్చి, ఇరవై అయిదని వేసేయమన్నారు, ఎవరడుగుతారన్నారు. భానుశ్రీ నా ముఖంలోకి చూసింది. పద్దెనిమిదే రాయమన్నాను.

కార్డు తీసుకుని ఆయన గదికి వెళ్లాను. రాజీనామా ముందురోజే రాసి సంచిలో పెట్టుకున్నాను. సంచిలో చెయ్యి పెట్టాను కూడా. కాగితం చేతికి తగిలాక, ఇది ఎందుకివ్వాలి అనిపించింది. ఓడిపోయినదాన్ని కాను కదా.

“సార్, జూలైలో నాలుగు. ఇవాళ పద్దెనిమిది. రాజీనామా ఇస్తానని రోషంలో అన్నాను. ఇవ్వనండి. నన్ను తీసెయ్యాలనుకుంటే ఆ కాగితం మీరే రాయండి. లైబ్రరీకి మాత్రం వెళ్లను. మార్చిలో మళ్లీ చేస్తాను.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. భానుశ్రీ రాసిన కార్డు కాసేపు అటూ ఇటూ తిప్పారు.

“మార్చిలో ఏ తారీకమ్మా?” అన్నారు.

ఆరో తారీకు, శుక్రవారం అన్నాను. గోడ మీది కేలండరులో వచ్చే ఏటి మార్చి లేదు కనుక డైరీలో రాసుకున్నారు. నేను గ్రౌండుకు వెళ్లిపోయాను. పిల్లలు చాప చుట్టూ అలాగే నిలబడి ఉన్నారు. భానుశ్రీని పడుకోమని, తన మడమల దగ్గర నేను కూర్చున్నాను.

నీ శాలిని