నీళ్లే కట్టెలైన నిప్పు

తమ్ముడూ,

నీ ఆబ్దికం నాడు ఉత్తరం మొదట ‘చిరంజీవి’ అని వ్రాయడానికి చేయి రాలేదు.

అరిగిన కరెంటు తీగను మార్చమని ఎంత వేడినా మన ఇంటి యజమాని వీరయ్య మార్చలేదు. అది అంటుకొంటే నీళ్లు పోసి, కరెంటు కొట్టి నీవు పోయావు. “నీళ్లు పోసినోనిదే తప్పు, పంతులూ” అన్నాడు వీరయ్య.

ఇవాళ ఆయన ఇంటి స్విచ్చిబోర్డే మండింది. ఆయనా బిందె ఎత్తాడు. ఊరకుంటే నా పగ తీరేది. కానీ చచ్చినవాడు తప్పు ఒప్పుకోడు. అందుకే చేయి పట్టి ఆపాను.

“ఆగవయ్యా! ఇది అబింధనం, నీళ్లే దీనికి కట్టెలు. ముందు మెయిన్ స్విచ్చి బంద్ చెయ్యి, తర్వాత పొడి ఇసుక చల్లు.”

మంట ఆరింది. బజారంతా చూస్తుండగా అడిగాను: “ఇప్పుడు చెప్పు, తప్పెవరిది?”

“నాదే పంతులూ, తీగ నేనే మార్పియ్యలే” అంటూ కాళ్ల మీద పడ్డాడు.

మొక్కినవాణ్ణి దీవించడం ధర్మం. నేను దీవించలేదు.