గురువారం జ్వరం చీటీ

అక్కా,

గురువారం నీ కూతుర్ని బడికి పంపకు. మా బడికి రేటింగ్ ఇవ్వడానికి అధికారులు వస్తున్నారు. పిల్లలు నిమిషానికి ఎన్ని మాటలు చదువుతారో గడియారం పెట్టి లెక్కేస్తారు. మనదేమో ఒక్కో మాట దగ్గర ఆగి, అర్థమయ్యాకే ముందుకెళ్తుంది. అలా చదవమని నేర్పింది నేనే.

పోయినేడు నెమ్మదిగా చదివే ఆరుగురి ఇళ్లకు వెళ్లి, ఆ రోజు పిల్లల్ని పంపొద్దని చెప్పొచ్చాను. "మావాడికేం రోగమండీ?" అని ఒక తల్లి నిలదీస్తే, జ్వరమని రాసిమ్మన్నాను. బడికి ఒక నక్షత్రం పెరిగింది. ఈసారి జాబితాలో మొదటి పేరు మనదానిదే. "మీ ఇంటి పిల్లే కదమ్మా, మీకు తేలిక" అన్నారు హెడ్‌మాస్టరు.

జ్వరమని చీటీ కావాలి. అబద్ధం రాయడానికి నీ చెయ్యి ఆడదని, నిన్న క్లాసయ్యాక దాన్నే నీ పేరుతో రాయమన్నాను. "సరే పిన్నీ" అని తలొంచుకుని రాసింది. అరగంట పట్టింది. ఒక్క తప్పు లేదు. అలవాటు కొద్దీ ఎర్ర సిరాతో కింద 'చాలా బాగుంది' అని రాసేశాను.

ఆ చీటీ ఇక పనికిరాదు. ఇంకోటి రాయమని దాన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. నువ్వే రాసి పంపు.

నీ చెల్లి