బుగులుకు గ్యాస్ మాత్రలు

సుశీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు నర్సుగా తిరిగిన చర్ల పల్లెల్లో ఒకచోట ఈరోజు మెడికల్ క్యాంపు పెడితే సాయానికి వెళ్లాను. "కడుపుల బుగులైతాంది సారూ, నిద్ర పడ్తలేదు," అంది ఆ ఊరి ముత్తమ్మ. పట్నం నుంచి వచ్చిన డాక్టరు కడుపు అన్న మాట ఒక్కటే విన్నాడు. తలెత్తకుండా గ్యాస్ మాత్రలు రాసి, కారం తగ్గించమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బుగులంటే భయమని, ఆమె కొడుకును పోలీసులు విచారణకు తీసుకుపోయి మూడు రోజులైందని చెప్పాను. "అవన్నీ నాకెందుకు మాస్టారూ," అని తర్వాతి మనిషిని పిలిచాడు.

"కారమెక్కడిది? మూడొద్దులాయె పొయ్యి ముట్టియ్యక," అంటూ ముత్తమ్మ చీటీ నా చేతిలో పెట్టింది. నువ్వు చేసినట్టే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, దేనికి బుగులని అడిగాను. చాలాసేపు చెప్పింది. కొడుకు సంగతి తేలకపోయినా లేచి వెళ్లి పొయ్యి ముట్టించింది. రేపు ఇద్దరం ఠాణాకు వెళ్తున్నాం.

డాక్టరు మీద కోపం ఇంకా దిగలేదు. కానీ పోయినేడు నీ ఆపరేషన్‌కు ముందురోజు నువ్వూ బుగులన్నావు. నేను తెలుగు మాస్టర్ని. ఆ మాటకు అర్థం తెలిసి కూడా, "ఏం కాదులే, పడుకో," అన్నాను.