తొమ్మిదో రోజు తర్వాత గోధుమ

జూలై 20

డ్యూటీ దిగి, కాళ్లు బకెట్లో పెట్టుకుని, ఫోన్‌లో గేమ్ తెరిచి — మొత్తం గోధుమ పీకేశాను. జానెడు మొలక. లేతగా, పచ్చగా ఉంది, చెయ్యి దానంతటదే వెళ్లింది. గేమ్ దాన్ని గడ్డిలా మోపుకట్టి కొట్టంలో పడేసింది. గింజ ఒక్కటీ రాలేదు.

కాసేపు అర్థం కాలేదు. తర్వాత ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తండా పిల్లకు గోధుమ అంటే తీజ్ పండగే. బుట్టలో పుట్టమన్ను పోసి గోధుమ చల్లడం, పెళ్లికాని పిల్లలంతా మూడు పూటలా నీళ్లు పోయడం, తొమ్మిదో రోజు మొలకలు పీకి వాగులో కలపడం. ఆ తర్వాత అది ఏమయ్యేదో ఎవరు చూశారు? ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. చపాతీలు తింటూనే ఉన్నాను. గోధుమ వెన్ను ఎలా ఉంటుందో తెలియదు.

మళ్లీ విత్తాను. ఈసారి ముట్టను.

జూలై 21

ముట్టలేదు.

జూలై 23

భద్రాచలం నుంచి ఇల్లందు ట్రిప్పు. టేకులపల్లి దాకా వెనక తలుపు మూసుకోలేదు. ఆడవాళ్లకు జీరో టికెట్లు కొట్టీ కొట్టీ బొటనవేలు మొద్దుబారింది. సీటు దొరకని ఒకాయన మొదలుపెట్టాడు — "పైసలిచ్చినోడు నిలబడాలె, ఫ్రీగ ఎక్కినోళ్లు కూసోవాలె, ఇదేం న్యాయం?"

"నేను పొద్దుగాల సంది నిలబడే ఉన్న అన్నా. నాకు జీతమిచ్చి మరీ నిలబెట్టిన్రు."

బస్సంతా నవ్వింది, ఆయన కూడా. గొడవ అక్కడితో తెగింది. గొంతు ఎత్తకుండా ఇలాంటివి రోజుకు ఎన్ని తెంపుతానో. ఈ పని నాకు బాగా వచ్చు. నా డైరీలో నేను రాసుకోవడానికి సిగ్గేం.

కానీ రూమ్‌కొచ్చాక కూడా చెవుల్లో బస్సు నడుస్తూనే ఉంటుంది. అందుకే ఆ గంట. తలుపు గడియ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, గేమ్‌లో సన్నటి వాన చప్పుడు. ఆ చేలో ఎవరూ చిల్లర అడగరు.

జూలై 24

మొదట్లో వేరే గేములు చూశాను. ఒకదాంట్లో అన్నీ కాల్పులు. ఇంకోదాంట్లో ఐదు ప్రాణాలు అయిపోయాయి, అరగంట ఆగు అంటుంది. పొద్దంతా నేను జనాన్ని ఆగండి, జరగండి అంటాను — ఇంటికొచ్చి ఫోన్‌తో నేను అనిపించుకోవాలా? తీసేశాను.

ఇదొక్కటే ఏమీ అనదు. చిన్న ఇల్లు, వాగు, బావి, చేను, ఒక కుక్క. పోటీ లేదు, ఓడిపోవడం లేదు. సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. కుక్కకు రైట్ అని పేరు పెట్టాను. పొద్దంతా బస్సుకు చెప్పే మాటే, అలవాటైన నోరు.

జూలై 26

ఇల్లందు బస్టాండులో చాయ్. డ్రైవర్ సత్తెన్న అడిగాడు — "రూముకు పోయి ఏం చేస్తవు చెల్లే, ఒక్కదానివే?"

"ఎవుసం."

"మీ తండాలనా?"

"రూములనే."

ఫోన్ చూపించాను. నుదుటి మీది అద్దాలు దించుకుని చూశాడు. ఆయనకు మూడెకరాల పత్తి ఉంది, అడిగే ప్రశ్నలు కూడా అలాగే ఉన్నాయి.

"కలుపుంటదా?"

"ఉండదు."

"పురుగు?"

"ఉండదు."

"యూరియా కోసం లైను?"

"లేదన్నా."

గ్లాసు కింద పెట్టాడు. "మరి గసొంటి ఊరికి మన బస్సెందుకు లేదు?"

తిరుగు ప్రయాణమంతా తలుచుకుని నవ్వుతూనే టికెట్లు కొట్టాను.

జూలై 29

అమ్మ ఫోన్. యాడి అని పిలిస్తేనే పలుకుతుంది, అమ్మా అంటే ఎవరినో అన్నట్టు చూస్తుంది. ఆదివారం కుసుమంచి వైపు తండా నుంచి నన్ను చూడటానికి వస్తున్నారట. అబ్బాయి కరెంటు లైన్‌మన్, పేరు శ్రీను.

"తల దువ్వుకొని రా. నోరు మూసుకొని కూసో."

మొదటిది చేయగలను.

ఆగస్టు 3

నిన్న జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

శ్రీను మంచం చివర కూర్చున్నాడు. చేతివేలికి కట్టు. అడగకముందే చెప్పాడు — స్తంభం మీద కాదట, టీ గిన్నె దించుతుంటే కాలిందట. తన టీ తానే పెట్టుకుంటాడన్నమాట. అక్కడే సగం నచ్చేశాడు.

మాటలన్నీ వాళ్ల అక్కవే. జీతం, షిఫ్టులు, ఖమ్మం డిపోకు మార్పించుకోవచ్చా... అన్నిటికీ మర్యాదగానే చెప్పాను. తర్వాత — "డ్యూటీ అయినంక ఏం చేస్తవు?"

వంట అనొచ్చు. కుట్టుమిషన్ అనొచ్చు, మాకు ఉంది కూడా. యాడి తలుపు దగ్గర నిలబడి నాకు జవాబు అందిస్తూనే ఉంది, పెదాలు కదుపుతూ. కానీ ఆరేళ్లుగా నా తిండి నేను సంపాదించుకుంటూ, చేసేది చెప్పుకోలేకపోతే ఎలా.

"గేమ్ ఆడుత. ఒక గంట. ఆనక వంట."

 మా బాపు పైకప్పు రేకుల వైపు చూశాడు.

"పెండ్లయినంక ఆ గంట యాడ దొరుకుద్ది?" అంది వాళ్ల అక్క.

"ఇప్పుడు దొరికినట్టే దొరుకుద్ది అక్కా."

శ్రీను తల ఎత్తి చూశాడు. నవ్వాడో లేదో కూడా తెలియలేదు. వాళ్లు వెళ్లాక యాడి నాతో మాట్లాడలేదు. బస్సెక్కేదాకా ఒక్క మాట లేదు.

ఆగస్టు 5

కుసుమంచి నుంచి కబురు లేదు.

ఆగస్టు 8

పండింది.

పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి తెరిచాను — చేను మొత్తం పసుపు. కాదు, పసుపు కాదు, ఆరబెట్టిన మొక్కజొన్న రంగు. వెన్నులకు సన్నటి మీసాలు. గాలి వస్తే ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తున్నాయి. ఇదా గోధుమ. ఇన్నేళ్లూ మేం వాగులో కలిపింది దీన్నేనా.

కోయలేదు. కోస్తే ఆటలో ముందుకు పోవచ్చు, పోకపోతే అడిగేవాడు లేడు. చేను చుట్టూ కంచె నేనే వేశాను, బావి నుంచి కాలువ నేనే తీశాను, వంకర లేకుండా. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. నాకు గర్వంగా ఉంది. ఇంత గర్వం ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు, ఆ రోజు భయమే ఎక్కువ.

ఆగస్టు 11

యాడి ఫోన్. మాట్లాడింది, అంటే తిట్టింది.

"ఆటలాడే పిల్ల అన్నరంట నిన్ను. ఊరంత నవ్వుతున్నరు. మాట వరసకు కుట్టుమిషనంటే నీ నోరు పడిపోతుండెనా?"

"చేసేదే చెప్పిన యాడీ."

"ఏముందే ఆ ఫోన్ల?"

చెప్పబోయాను. పెట్టేసింది.

ఇక్కడ రాసుకుంటాను. శ్రీను నచ్చాడు, అదే చిక్కు. నచ్చకపోతే ఇంత ఆలోచనే లేదు. అతను కావాలి, గంట కూడా కావాలి. రెండిట్లో ఒకటే అంటే గంట వదలను అని ఇవాళ అనుకుంటున్నాను. రేపు కూడా ఇలాగే అనుకుంటానా... తెలియదు. అప్పుడు చదువుకోవడానికే ఈ పేజీ.

ఆగస్టు 15

గోదావరి పెరుగుతోంది. పల్లపు రూట్లు ఆపేశారు. బస్టాండు నిండా మూటలు, మనుషులు, ఒకటే అరుపులు. గొంతు పోయింది.

గేమ్‌లో వాగు మాత్రం మొదటి రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. అది పొంగదు. అయినా నా ఇల్లు మిట్ట మీదే కట్టాను. వాగు ఒడ్డున కట్టుకో, అందంగా ఉంటుంది అని ఆట చెబుతూనే ఉంది. భద్రాచలంలో ఆరేళ్లున్నదానికి చెప్పే మాటేనా అది.

ఆగస్టు 22

తండాలో ఉన్నాను. రేపు తీజ్ ఆఖరి రోజు. సత్తెన్న మాట సాయంతో రెండు రోజుల సెలవు దొరికింది.

తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మంచె మీద బుట్టలన్నీ వరసగా ఉన్నాయి. అందులో నాదీ ఉంది. కోపంగా ఉన్నా యాడి నా పేరు మీద బుట్ట పెట్టించింది, చెల్లెలి వరస పిల్లలతో నీళ్లు పోయించింది. నా మొలక అందరికంటే రెండు వేళ్లు ఎత్తు. పొడుగ్గా పెరిగితే మంచి మొగుడొస్తాడంటారు. ఎవరు ఏమనుకున్నా నా మొలకే పొడుగు.

సాయంత్రం అరుగు మీద గేమ్ తెరిచాను. దాచుకోలేదు. యాడి చాట పట్టుకుని అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, మూడోసారి పక్కన కూర్చుంది.

"గదేంది, పసుపుది?"

"గోధుమ."

"మన గోధుమనా?"

"అవ్. మన గోధుమే."

ఫోన్ చేతిలోకి తీసుకుంది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి బుట్టకు నీళ్లు పోసిన మనిషి. వెన్ను మీద వేలు పెట్టింది, చేను ఊగింది, వేలు వెనక్కి తీసుకుంది.

"గింత పెరుగుద్దా గిది?"

"పీకకుంట వదిలేస్తే పెరుగుద్ది."

 యాడి చాలాసేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు. రైట్‌ను చూసి మాత్రం, కుక్క బక్కగుంది, తిండి పెడుతున్నవా లేదా అని అడిగింది.

ఆగస్టు 23

మొలకలు పీకాం. ఊళ్లో మగవాళ్ల తలపాగాల్లో తలా కొంచెం పెట్టాం. వాగు దగ్గర అన్నదమ్ముల వరసవాళ్లు మా కాళ్లు కడిగారు. బుట్టలు కలుపుతుంటే పిల్లలంతా ఏడ్చారు, ఏటా ఏడుస్తారు, నేనూ ఏడ్చాను.

తిరిగొచ్చాక యాడి కనిపించలేదు. ఇంటి వెనక, నీళ్లు పోసుకునే బండ పక్కన వంగి ఉంది. చెంగులోంచి పిడికెడు మొలక తీసి నాటుతోంది. నా బుట్టలోదే. మేకలు మేయకుండా చుట్టూ ముళ్లకంప పెట్టింది.

"ఎవ్వలకు చెప్పకు. కలపకుంట దాచిందంటరు."

చెప్పను. ఇక్కడ రాస్తున్నాను, ఇది ఎవరూ చదవరు.

ఆగస్టు 27

డ్యూటీ దిగేసరికి యాడి ఫోన్లు నాలుగు. ఏదో అయిందనుకుని యూనిఫాం మీదే తిరిగి చేశాను.

కుసుమంచి నుంచి శ్రీను వాళ్ల అక్క మాట్లాడిందట. పిల్ల నచ్చిందట. గేములు గీములు మాత్రం బంద్ చెయ్యాలె, గది ఒప్పుకుంటే ముహూర్తం చూద్దాం — అన్నదట.

"నువ్వేమన్నవ్ యాడీ?" అడగడానికి భయం వేసింది. వచ్చిన సంబంధం. ముప్పై దగ్గరపడుతున్న కూతురు. యాడి స్థానంలో నేనున్నా సరేననేదాన్నేమో.

"ఏమంట? మా పిల్లకు డ్యూటీ దిగినంక గంట సేపు పనుంటది. ఆ గంట పోను మిగిలింది మాట్లాడుకుందం అన్న."

"అటెన్క?"

"ఏం పని అన్నది. చేను పని అన్న."

  నేను మొండిదాన్నని అందరూ అంటారు. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఇవాళ తెలిసింది. ఇవాళ నా గురించి కాదు నాకు గర్వం.

ఆగస్టు 29

సత్తెన్నకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. గేరు మారుస్తూ — "మీ అమ్మను ఒకపారి మన డిపోకు తోల్కరా. మేనేజరుతోటి మాట్లాడించేదుంది" అన్నాడు.

సెప్టెంబర్ 1

కబురు లేదు. చూపుల రోజు తీసుకున్న శ్రీను నంబరు నా దగ్గర ఉంది. నా నంబరూ అతని దగ్గర ఉంది.

సెప్టెంబర్ 2

గేమ్‌లో చేను కోశాను చివరికి. గింజలు కొట్టం నిండా వచ్చాయి. కొన్ని విత్తనానికి పక్కన పెట్టాను. కోసిన చేను చూస్తే మనసు అదోలా అయింది. వెంటనే మళ్లీ దున్నాను.

సెప్టెంబర్ 4

రెండు ట్రిప్పులూ కిక్కిరిసే. టేకులపల్లి దగ్గర టైరు పంక్చర్. వానలో అందరినీ దింపి, మళ్లీ ఎక్కించి, ఒక్కరిని కూడా వదలకుండా చేర్చాను. కాళ్లు బకెట్లో పెట్టేసరికి యాడి ఫోన్.

కుసుమంచి నుంచి ఏమీ లేదు — మొదటి మాటే అది. తిట్టలేదు. నేనే అడిగాను, కోపం లేదా అని.

"వస్తే వస్తరు, లేకుంటే లేదు. గందుకు గాదు నేను ఫోన్ చేసింది." గొంతు తగ్గించింది. "నాటిన మొలకకు పాత ఆకులు ఎండినయే. నేనిక పోయిందనుకున్న. ఇయ్యాల చూస్తే నడుమల కొత్తాకు లేచింది. ఇప్పుడేం చెయ్యాలె?"

తీజ్‌లో నాకు బుట్ట పట్టుకోవడం నేర్పిన మనిషి నన్ను అడుగుతోంది. తొమ్మిదో రోజు తర్వాత ఏం చేయాలో తండాలో ఎవరికీ తెలియదు. నాకు తెలిసింది కూడా ఫోన్‌లో చూసిందే.

"నీళ్లు పొయ్యి. ముట్టకు."

"గంతేనా?"

"గంతే."

"వెన్నొస్తదా మరి?"

వస్తుంది అనాలని ఉంది. అక్కడ పురుగు ఉంటుంది, మేకలు ఉంటాయి, ఎండ ఉంటుంది. మా నేలలో గోధుమ వెన్ను దాకా రావడం నేను చూడలేదు, యాడి చూడలేదు.

"ఏమో యాడీ. చూద్దాం."

 అటు పక్క ఎవరో మేకను అదిలిస్తున్న చప్పుడు. తర్వాత యాడి అంది —

"సరే, పెట్టేయ్. నీ గంట పోతున్నది."