మామయ్య చేసిన సాయం

మామయ్యా,

పొద్దుటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. మందులు వేళకు వేసుకోమని గుర్తుచేసే నా యాప్‌లో వచ్చే ప్రకటనలే కదా నా సంపాదన! ఆ ప్రకటనల కంపెనీ నా ఖాతా మూసేసింది. ఒకే ఫోన్‌లోంచి ఆ ప్రకటనల్ని రోజుకు వందలసార్లు నొక్కుతున్నారట, అది మోసమట. గిట్టనివాళ్ల పని అనుకున్నాను. ఇంతలో అత్తయ్య ఫోన్ చేసి, "మీ మామయ్య కుట్టుమిషన్ ముందు కూర్చుని కూడా నీ ప్రకటనలే నొక్కుతున్నారు. మేనల్లుడికి నాలుగు డబ్బులు రానీ అంటున్నారు" అని మురిసిపోయింది.

మిమ్మల్ని ఏమనను? నొక్కితే డబ్బులొస్తాయని చెప్పిన నోరు నాదే. కానీ యాప్‌లో మీ ఫోన్ వివరాలు తీసి చూశాను. బీపీ మాత్ర వేసుకోమని యాప్ మీకు రోజూ గుర్తుచేస్తోంది. 'వేసుకున్నాను' అన్న బటన్ మూడు నెలల్లో మీరు ఒక్కసారీ నొక్కలేదు.

నా ఖాతా సంగతి నేను చూసుకుంటాను. ముందు మాత్ర వేసుకుని, ఆ ఒక్కటీ నొక్కండి.

మీ మేనల్లుడు