చెప్పులకు కాపలా

చిరంజీవి ప్రశ్నలపుట్టకు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, అమ్మ, అమ్మ కుట్టుమిషను ముగ్గురం క్షేమం. నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. తినకపోతే ఆ సంగతి రాయకు, అమ్మ నన్ను తింటుంది.

ముందు మంచి కబురు. పడవ మీద నా గైడు బ్యాడ్జీ ఈ ఏడు ఉంటుందో ఊడుతుందో అని అమ్మ నీకు రాసి కంగారు పెట్టిందట కదా. ఊడలేదు. నిన్ననే చేతికొచ్చింది. ఎందుకు ఊడబోయిందో ఎంత అడిగినా చెప్పలేదన్నావు. నేను చెప్తాను, కాస్త ఆగు.

నీ మొదటి ప్రశ్న, ఇన్ని చెరువులు ఎలా వచ్చాయని. కాలేజీ వ్యాసానికి రాసుకో. మొత్తం ముప్పై ఒకటి. ఒక్కటీ దేవుడు తవ్వింది కాదు. మూడు వందల ఏళ్లు ఇటుకల కోసం మట్టి తవ్వితే, ఆ గోతుల్లో ఊట చేరింది. పాత బజారు గోడలన్నీ అందులోంచి లేచినవే. ఈ ముక్క చెప్పగానే పడవలో జనం నీళ్లకేసి ఒకసారి, ఊరికేసి ఒకసారి చూస్తారు. ఇరవై రెండేళ్లయినా ఆ చూపంటే నాకు ముచ్చటే.

రెండోది, గంటదిబ్బ ఇంకా ఉందా అని. ఉంది. ఒకప్పుడు ఇటుకల పనివాళ్లను పిలిచిన దాని మీది గంటను ఇప్పుడు మంచు పట్టినప్పుడు పడవల కోసం కొడుతున్నారు. రోజు పని ముగించేటప్పుడు చివరి పచ్చి ఇటుక మీద బొటనవేలు అద్దేవారని చెప్పానుగా? మొన్న ఒక పెద్దాయన వాళ్ల తాత ముద్ర కోసం దిబ్బ మీది గోడంతా తడిమాడు. చివరికి ఒకదాంట్లో తన వేలు పెట్టి, "సరిపోయింది, ఇదే అనుకుందాం" అని చతికిలబడ్డాడు.

ఇక నీ మూడో ప్రశ్న. "తోటివాళ్లంతా ఈదుతుంటే నన్నొక్కదాన్నే గట్టు మీద చెప్పులకు కాపలా పెట్టావు. అమ్మ నేర్పుతానన్నా ఒప్పుకోలేదు. ఎందుకు నాన్నా?" అన్నావు. జలుబు చేస్తుందనేవాణ్ణి. నువ్వూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు.

తల్లీ, నాకు ఈత రాదు.

"భయపడకండి, నేనున్నాను" అని రోజూ పడవెడు జనానికి చెప్పే మనిషికి ఈత రాదు. నువ్వు మునిగితే గట్టు మీద నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేను. ఆ భయం చెప్పుకోవడానికి సిగ్గేసి, నిన్ను కసిరాను. అమ్మక్కూడా తెలియనివ్వలేదు.

ఈ ఏడు కొత్త నిబంధన పెట్టారు. గైడన్నవాడు అధికారి ఎదుట యాభై మీటర్లు ఈదాలి, లేదా బ్యాడ్జీ వదులుకోవాలి. ఇక దాచి లాభం లేక అమ్మకు చెప్పేశాను. "ఇన్నేళ్లూ మాటల మీదే తేలారన్నమాట!" అని పడీపడీ నవ్వింది. నీకు నేనే చెప్పుకోవాలని మాత్రం ఖండితంగా అంది. మర్నాడే నన్ను చిన్న చెరువులోకి దింపింది. "కాళ్లు బిగపట్టకండి, మిషను తొక్కినట్టు తొక్కండి!" అని పక్కనే ఈదుతూ ఒకటే కేకలు. రెండు నెలల్లో చెరువులో సగం నేనే తాగాను.

మొన్న ఈదాను. ఒడ్డు చేతికి తగలగానే ఏడ్చేశాను. తడిమొహం కదా, అధికారికి తెలియలేదు. గుండె మీది బండ దిగిపోయిందమ్మా. నీకు రాశాక ఇంకా తేలిగ్గా ఉంది.

సెలవులకు రా. నా మీద కోపగించుకునే పని ఏమన్నా ఉంటే ముందు అది కానిచ్చేయి. తర్వాత అమ్మ నీకూ నేర్పుతుంది. నేనూ నీ పక్కనే నీళ్లలో ఉంటాను. గట్టు మీద చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతే పోనీ.

ఇట్లు,
నీళ్లలో దిగిన
మీ నాన్న