రుమాలు వాసన వెంట పోయిన మోతీ

1949 మార్చి 3, గురువారం. సూర్యాపేట.

మనుమడు పుట్టాడు! తెల్లవారుజామున, మా కూతురు సత్తెమ్మకు, పెళ్లయిన తొమ్మిదేళ్లకు. తల్లీ బిడ్డా క్షేమం. అక్షరాలు గీత దాటిపోతున్నాయి, పోనీ. ముక్కు అచ్చం మా అమ్మదే. పురిటి గది ముందు నేను, నా మోకాలికి ఒరిగి నా కుక్క మోతీ. ఏడుపు వినగానే చెవులు నిక్కించి నా మొహం చూసింది. “మనోడేరా” అన్నాను. మళ్లీ ఒరిగింది.

మా ఇంటిది లోపలి నుంచి — “ఆ నల్ల పిశాచాన్ని ఈడికెల్లి తీస్కపో. పురుడున్న ఇల్లు.”

మార్చి 4

కోదాడ వియ్యంకుడికి తీపి కబురు మోయాలి. కొడుకు లింగయ్య పోవలసింది. “నువ్వు పోతెనే మర్యాద నాయినా” అన్నాడు. నిజమే… సంతోషపడ్డాను. చక్కెర దొరకలేదు, బెల్లం మూట కట్టాను.

బస్సువాడు కుక్కను ఎక్కించుకోడు. మోతీ ఒంటరిగా ఉండలేదు. దీన్ని పెంచిన బంగళా దొర ఊరు వదిలిపోతూ గొలుసు నా చేతిలో పెట్టి అన్న మాట అదే — “డాబర్మన్ జాత్ ఇది. కావలికి కాదు ముసలాయనా, దీనికి మనిషి గావాలె. పక్కన మనిషి లేకుంటే ఖతం.” అప్పుడు నాలుగు రోజులు గంజి ముట్టలేదు. ఐదో రోజు నా చేతిలోది తిన్నది. అప్పటి నుంచి బజారుకు పోయినా, పెరట్లోకి పోయినా నా వెనకే.

“నేను జూసుకుంట, నువ్వు పోయిరా” — లింగయ్య.

మార్చి 5, కోదాడ

వియ్యంకుడు కౌగిలించుకుని వదలడు. “కూర్చోండి బావగారూ, ఇవాళ మీరు కదిలేది లేదు.” వీధంతా బెల్లం పంచాడు. వియ్యపురాలు — “ముక్కు మీ వాళ్లదేనంటగా. అదొక్కటీ మార్చుకోమనండి అన్నయ్యగారూ.” నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. ఈ వయసులో ఇంత సంతోషం…

మార్చి 7, సూర్యాపేట

మోతీ లేదు.

గొలుసు తెంపుకుని పోయిందట. ఇంటిది చెప్పింది. లింగయ్య తల ఎత్తలేదు. తెంపుకుంటే సగం గొలుసన్నా గుంజకు ఉండాలి. ఏమీ లేదు.

మార్చి 8

వాగు దాకా వెతికాను. పిలిచి పిలిచి గొంతు పోయింది. మనుమణ్ణి ఒళ్లో పెట్టారు. కళ్లు తెరిచి చూశాడు, బంగారు తండ్రి. ఆనందమే. మోకాలి పక్కన మాత్రం చల్లగా ఉంది.

మార్చి 10

సత్తెమ్మ చెప్పింది. మంచం మీద ఏడుస్తూ — “నీకు చెప్పొద్దన్నరు నాయినా. అన్న మోతీని మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఇచ్చి వచ్చిండు.”

నేను లేనిదే గడప దాటదు కదా, ఎట్లా పోయిందన్నాను. దండెం మీది నా తలరుమాలు, ఉతకనిది, లింగయ్య తన నెత్తికి చుట్టుకున్నాడట. ఆ వాసన చూసుకుంటూ ఎడ్లబండి ఎక్కిందట.

నా రుమాలు.

లింగయ్యను అడిగాను. “పసిపిల్లగాడున్న ఇల్లు, అమ్మకు బయం. సంపిన్నా ఏంది? మంచి జాగలనే ఇడిసిన.”

అడిగి ఉంటే పెరట్లో పాక వేసుకుని పురుడు వెళ్లేదాకా దానితోనే ఉండేవాణ్ణి. అడగలేదు. మర్యాద అని చెప్పి, చేతికి బెల్లం మూట ఇచ్చి, నన్ను ఊరు దాటించారు. నేను నవ్వుకుంటూ పోయాను.

మార్చి 12, మిర్యాలగూడ

మిల్లు గేటుకు కట్టేశారు. పక్కటెముకలు బయటపడ్డాయి. నన్ను చూసింది. లేవలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. దాని లెక్కలో ఇక్కడికి తెచ్చింది నేనే…

మిల్లు సావుకారు — “తీస్కపో పెద్దమనిషీ. మొరగది, తినది. దొంగొస్తె దారి సూపెట్టేటట్టున్నది.”

గొలుసు విప్పాను. కదలలేదు.

మార్చి 13

మిల్లు వసారాలోనే ఉన్నాను. అన్నం ముద్ద చేతిలో పెట్టి చాచాను. వాసన చూసింది, తల దించుకుంది. ముద్ద ఎండిపోయింది.

మార్చి 15

లింగయ్య వచ్చాడు. ఇరవై ఒకటో రోజున మనుమడి తొట్టెల, పేరు పెట్టే పండగ.

“అందరొస్తరు. నువ్వు లేకుంటె ఏం జెప్పాలె?”

“కుక్క కాడున్నడని చెప్పు.”

“నవ్వుతరు నాయినా.”

“నవ్వనియ్.”

మోతీ ముందు నుంచే గేటు దాటి వెళ్లిపోయాడు. మోతీ వాణ్ణి చూసి గుర్రుమనలేదు కూడా.

మార్చి 17

నీళ్లు తాగింది. అన్నం లేదు.

బండిలో కట్టేసి తీసుకుపోవచ్చు. తీసుకుపోను. ఒకసారి మోసంతో బండెక్కించి తెచ్చారు. తనంతట తాను లేచి నా వెంట రావాలి. తొట్టెల నాటికి రాకపోతే నేనూ పోను… మనుమణ్ణి తలచుకుంటే గుండె లాగుతోంది.

పోస్టు కార్డులు తెప్పించాను. చెప్పవలసిన వాళ్లు:

కోదాడ వియ్యంకుడు — పిల్లవాణ్ణి తొట్టెలలో నా బదులు ఆయన వెయ్యాలి.

హాలియా చెల్లె — పేరు చెవిలో తనే చెప్పాలి.

నేరేడుచర్ల బామ్మర్ది — నా కోసం అన్నాలు ఆపొద్దని.

పాలకీడు చిన్నాయన కొడుకు — అదే మాట.

సత్తెమ్మ — బిడ్డా, నీ మీద కోపం లేదు.

మా ఇంటిది — రెండు కార్డులు చింపాను.

లింగయ్య — పేరు రాశాను, కింద ఒక్క మాటా రాయలేక కార్డు పక్కన పెట్టాను.